గడువు లేని చెరలో కాలం ఎవరిది?



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ మాస్టారు పల్లె గ్రంథాలయాల కోసం బతికిన మనిషి. చదువుకోవాలని ఉండి పుస్తకం దొరకనివాళ్ళ గురించే ఆయన దిగులంతా. ఇవాళ నేను మాట్లాడబోయేది మరో రకం మనుషుల గురించి. కాగితం లేకుండా, కలం లేకుండా, చివరికి సొంత పేరుతో పిలిపించుకునే హక్కు కూడా లేకుండా పుస్తకం రాసినవాళ్ళు, బొమ్మ గీసినవాళ్ళు, గోడ మీద పద్యం చెక్కినవాళ్ళు. నేరం రుజువై జైలుకు వెళ్ళినవాళ్ళు కారు వీళ్ళు. ఒక దేశపు గడప తొక్కినందుకు, అక్కడ ఉండేందుకు అనుమతి లేదన్న కారణంతో నిర్బంధ కేంద్రాల్లో చిక్కుకున్నవాళ్ళు.

చెరసాల సాహిత్యం తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని జైల్లోనే రాశారు. నిజాం రాజ్యపు చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాస్తే అధికారులు చెరిపించారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి దాన్ని మళ్ళీ రాశారు. వరవరరావు జైలు నుంచి రాసిన వ్యాసాలు ‘సహచరులు’ అయ్యాయి. వీళ్ళందరికీ తమను ఎవరు బంధించారో, ఎందుకు బంధించారో తెలుసు. తమ మాటకు పాలకుడు భయపడ్డాడన్న ఎరుక వాళ్ళకు ఒక బలం. బయట తమ కోసం ఎదురుచూసే ప్రజలు ఉన్నారన్నది ఇంకో బలం.

వలస నిర్బంధంలో ఈ రెండు బలాలూ ఉండవు. ఇది చట్టం దృష్టిలో శిక్ష కాదు, పాలనాపరమైన ఏర్పాటు. శిక్ష కాదు కాబట్టి శిక్షాకాలమూ లేదు. హంతకుడికి కూడా తాను ఎన్నేళ్ళు లోపల ఉండాలో న్యాయమూర్తి చెబుతాడు. ఇక్కడ చెప్పేవారు లేరు. ఆస్ట్రేలియా 1992లో చేసిన చట్టం ప్రకారం వీసా లేకుండా వచ్చిన ప్రతి మనిషినీ నిర్బంధించి తీరాలి. ఏ దేశమూ పౌరుడిగా ఒప్పుకోని ఒక పాలస్తీనీయుడి కేసులో, పంపడానికి చోటు లేకపోయినా అతన్ని నిరవధికంగా నిర్బంధించవచ్చని 2004లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు, ముగ్గురు వ్యతిరేకించగా నలుగురి మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ తీర్పును అదే కోర్టు తోసిపుచ్చడానికి 2023 నవంబరు దాకా పట్టింది. బ్రిటన్‌లో వలస నిర్బంధానికి చట్టంలో గరిష్ఠ గడువు లేదు.

నా ఉపన్యాసం మొత్తానికి ఆధారమైన మాట ఒకటి ఇక్కడ చెబుతాను. వలస నిర్బంధం మనిషి దగ్గర నుంచి ముందుగా లాక్కునేది కాలాన్ని. రేపు ఏమవుతుందో తెలియని మనిషికి ఇవాళ కూడా దక్కదు. అందుకే అక్కడ పుట్టే సృజనను కాలక్షేపం అనడం పెద్ద పొరపాటు. కాలాన్ని గడపడానికి కాదు, తిరిగి తన చేతిలోకి తీసుకోవడానికి అక్కడి మనిషి రాస్తాడు. అతని ప్రతిఘటన అక్కడే మొదలవుతుంది.

గోడలు దాచిన పద్యాలు

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ఏంజెల్ ఐలండ్ అనే చిన్న ద్వీపం ఉంది. 1910 నుంచి 1940 దాకా అక్కడ అమెరికా వలస తనిఖీ కేంద్రం నడిచింది. అప్పటికే, 1882 నుంచి, చైనా కూలీలు అమెరికాలో అడుగుపెట్టకూడదన్న చట్టం అమలులో ఉంది. వ్యాపారులకు, విద్యార్థులకు, అమెరికా పౌరుల పిల్లలకు మాత్రం మినహాయింపు. 1906 భూకంపంలో, ఆ వెంటనే చెలరేగిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో అక్కడే పుట్టిన పౌరులమని చెప్పుకున్నవాళ్ళకు చాలామంది కాగితాల మీద కొడుకులై వచ్చారు. వాళ్ళను పట్టుకోవడానికి అధికారులు వందల ప్రశ్నలు వేసేవారు. మీ ఇంటికి మెట్లెన్ని? బియ్యం ఎక్కడ పోస్తారు? మీ వీధిలో మూడో ఇంట్లో ఎవరుంటారు? అవే ప్రశ్నలు సాక్షిగా వచ్చిన బంధువును కూడా అడిగేవారు. ఇద్దరి జవాబులూ కలవకపోతే తిరుగు ఓడే. నిజమైన కొడుకులు కూడా మెట్లు తప్పు లెక్కపెట్టి తిరిగి వెళ్ళారు. విచారణ తేలేదాకా కొందరు వారాలు, కొందరు నెలలు, కొందరు ఏడాదికి పైగా ఆ చెక్క బారకుల్లో పడి ఉన్నారు. పంజాబ్ నుంచి వెళ్ళిన మన దేశస్థులూ ఆ ద్వీపంలో ఆగారు. వాళ్ళలో చాలామందిని వెనక్కి పంపేశారు.

ఆ బారకుల గోడల మీద చైనీయులు పద్యాలు రాశారు. మొదట కుంచెతో, ఆ తర్వాత కత్తిమొనతో చెక్కి. పల్లె కుర్రాళ్ళు, కూలికి వచ్చినవాళ్ళు, కొద్దిపాటి చదువు ఉన్నవాళ్ళు. అయినా వాళ్ళు ఎంచుకున్నది తమ ప్రాచీన ఛందస్సును. పాదానికి ఇన్ని అక్షరాలని, ఇన్ని పాదాలని లెక్క ఉన్న పద్యాలు అవి. ఛందస్సు తెలిసిన తెలుగు పాఠకుడికి ఇందులో ఉన్న ధీరత్వం ప్రత్యేకంగా అర్థం కావాలి. విచారణ ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. పద్యం ఎక్కడ ముగియాలో మాత్రం రాసేవాడికి తెలుసు. అధికారి చేతిలో ఉన్న కాలానికి నియమం లేదు. కవి చేతిలో ఉన్న కాలానికి నియమం ఉంది. ఆ నియమాన్ని తన మీద తానే పెట్టుకున్నాడు. స్వేచ్ఛకు అంతకంటే పెద్ద రుజువు ఆ గదిలో దొరకదు.

పద్యాలకు చాలావాటికి సంతకాలు లేవు. సంతకం చేస్తే కేసు దెబ్బతింటుందన్న భయం. కేంద్రంవాళ్ళు చెక్కిన గాట్లను లప్పంతో పూడ్చి, పైన రంగు వేయించారు. ఆ లప్పమూ రంగే చెక్కను తేమ నుంచి కాపాడాయి. లప్పం ఎండి కుంచించుకుపోయేసరికి అక్షరాలు మళ్ళీ బయటపడ్డాయి. 1930లలో అక్కడ నిర్బంధంలో ఉన్న ఇద్దరు యువకులు చాలా పద్యాలను నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసుకున్నారు. 1970లో, పడగొట్టడానికి సిద్ధంగా ఉన్న ఆ భవనంలోకి వెళ్ళిన అలెగ్జాండర్ వైస్ అనే పార్కు ఉద్యోగి గోడల మీద అక్షరాలు చూసి, అవి మామూలు గీతలు కావని గుర్తించాడు. ఆసియా అమెరికన్లు ఉద్యమించారు. భవనం నిలిచింది. హిమ్ మార్క్ లాయ్, జెన్నీ లిమ్, జూడీ యుంగ్ ఆ పద్యాలను సేకరించి, అనువదించి, 1980లో ‘ఐలండ్’ పేరుతో ప్రచురించారు. రెండు వందలకు పైగా పద్యాలు ఇప్పటికి దొరికాయి. 1997లో ఆ చోటు జాతీయ చారిత్రక స్థలమైంది. రాసినవాడు, ఎత్తి రాసుకున్నవాడు, గుర్తుపట్టినవాడు, కూల్చనివ్వనివాడు, అనువదించినవాడు: ఇంతమంది కలిస్తే గాని ఆ గోడ మనతో మాట్లాడలేదు.

మానుస్: ఫోనులో పుట్టిన పుస్తకం

ఏంజెల్ ఐలండ్‌ను పాత కథ అనుకుని ఊరట పడే వీలు మన కాలం ఇవ్వలేదు. 2001లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పడవల మీద వచ్చే శరణార్థులను తన నేల మీదికి రానివ్వకుండా నౌరూ అనే చిన్న దేశానికి, పాపువా న్యూగినీలోని మానుస్ ద్వీపానికి పంపడం మొదలుపెట్టింది. 2008లో ఆ కేంద్రాలు మూసేశారు. 2012లో మళ్ళీ తెరిచారు. 2013 జూలై 19న ప్రధాని కెవిన్ రడ్, ఇక మీద పడవలో వచ్చిన ఎవరూ ఆస్ట్రేలియాలో ఎన్నటికీ స్థిరపడలేరని ప్రకటించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెహ్రూజ్ బూచానీ అనే కుర్దు పాత్రికేయుడు ఇండోనేషియా నుంచి పడవ ఎక్కాడు. ఊరు ఇరాన్‌లోని ఇలామ్. అతను పనిచేసిన కుర్దిష్ పత్రిక కార్యాలయం మీద 2013 ఫిబ్రవరిలో రివల్యూషనరీ గార్డులు దాడి చేసి సహచరులను అరెస్టు చేశారు; కొన్ని నెలలు దాక్కుని దేశం విడిచాడు. అతన్ని ఆస్ట్రేలియా అధీనంలోని క్రిస్మస్ ద్వీపం నుంచి ఆగస్టులో మానుస్‌కు చేర్చారు. అక్కడ అతని పేరు ఎంఈజీ45.

అక్కడి రోజంతా క్యూలతో నిండిపోయేది. తిండికి, ఫోనుకు, మందులకు, దొడ్డికి కూడా వరసే. కాగితం మీద రాస్తే సోదాల్లో పోతుంది. అందుకని బూచానీ దొంగతనంగా తెప్పించుకున్న ఫోనులో ఫార్సీలో కొంచెం కొంచెంగా రాసి వాట్సాప్‌లో పంపాడు. బయట మూనెస్ మన్సూబీ ఆ ముక్కలను సేకరించి పేర్చింది. ఒమీద్ తొఫీఘియాన్ ఇంగ్లీషులోకి అనువదించాడు. ‘నో ఫ్రెండ్ బట్ ద మౌంటెన్స్’ 2018లో అచ్చయింది. వచనం మధ్యలో కవిత్వం వచ్చి చేరే ఆ పుస్తకంలో ఆత్మకథ, నవల, రాజకీయ విశ్లేషణ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తోటివాళ్ళను అతను నంబర్లతో పిలవడు, వాళ్ళ భద్రత కోసం అసలు పేర్లతోనూ పిలవడు. ఒక్కొక్కరి స్వభావాన్ని బట్టి ముద్దుపేర్లు పెడతాడు. తిండి క్యూలో ఎప్పుడూ ముందుండేవాడు ‘ఆవు’. సాయంత్రాలు కాపలావాళ్ళ ముందే ఆడి పాడి, వెక్కిరింపు నాటకాలు వేసి జనాన్ని నవ్వించే ఒక మనిషి ఆ పుస్తకంలో మరపురాని పాత్ర. రాజ్యం ఇచ్చిన సంఖ్య స్థానంలో మనుషులు మనుషులకు పెట్టుకున్న పేరు వచ్చి కూర్చుంది.

ఆ ద్వీపంలో చౌకా అనే పక్షి ఉంది. దాని కూతను బట్టి స్థానికులు పొద్దు తెలుసుకుంటారు. నిర్బంధ కేంద్రంలో మాట విననివాళ్ళను ఒంటరిగా పడేసే గదులకు కూడా అధికారులు ఆ పక్షి పేరే పెట్టారు. బూచానీ ఫోనుతో రహస్యంగా తీసిన దృశ్యాలను నెదర్లాండ్స్‌లో ఉన్న అరష్ కమాలీ సర్వెస్తానీకి పంపితే, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండానే ఒక సినిమా తయారైంది. ‘చౌకా, ప్లీజ్ టెల్ అస్ ద టైమ్’ అన్న ఆ సినిమా 2017లో సిడ్నీ చిత్రోత్సవంలో ఆడింది. ఒక జాతి తన పొద్దును కొలుచుకునే పక్షిని జైలు పేరుగా వాడుకున్నారు. దాన్నే తిరిగి వేళ అడగడం ఆ సినిమా చేసిన పని. నేను ఇందాక చెప్పిన మాటకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

బూచానీ ఒంటరి కాదు. సూడాన్ యువకుడు అబ్దుల్ అజీజ్ మొహమత్ మానుస్ నుంచి వేల వాయిస్ మెసేజ్‌లు పంపాడు. అవి ‘ద మెసెంజర్’ అనే శ్రవ్య ధారావాహిక అయ్యాయి. 2019లో అతనికి మార్టిన్ ఎనల్స్ మానవహక్కుల పురస్కారం దక్కింది. ‘ఈటెన్ ఫిష్’ అనే కలంపేరుతో కార్టూన్లు వేసిన ఇరానీ యువకుడు అలీ దొరానీకి 2016లో కార్టూనిస్టుల హక్కుల సంఘం సాహస పురస్కారం ఇచ్చింది. మొస్తఫా అజీమీతబార్ రంగులు అడిగితే మానుస్ అధికారులు ఇవ్వలేదు. కాఫీలో టూత్‌బ్రష్ ముంచి బొమ్మ గీశాడు. మానుస్‌లోనూ, ఆ తర్వాత మెల్‌బోర్న్‌లో నిర్బంధ కేంద్రాలుగా మార్చిన హోటళ్ళ గదుల్లోనూ దాదాపు ఎనిమిదేళ్ళు గడిపి 2021లో బయటపడ్డాడు. 2022లో అతని స్వీయచిత్రం ఆస్ట్రేలియాలో పేరెన్నికగన్న ఆర్చిబాల్డ్ బహుమతి తుదిజాబితాలో నిలిచింది. దాన్నీ టూత్‌బ్రష్‌తోనే గీశాడు. దానికి అతను పెట్టిన పేరు ‘కేఎన్ఎస్088’. తనకిచ్చిన నంబరును తన ముఖం కింద తానే రాసి, దేశం మొత్తానికి చూపించాడు.

కళ తలుపులు తెరుస్తుందా?

ఇక్కడ మనం నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇంత సృజన ఉంటే నిర్బంధం మనిషిని పదును పెడుతుందన్న మాట కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట క్రూరమైనది. మానుస్‌లో 2014 ఫిబ్రవరిలో జరిగిన దాడిలో రజా బరాతీ అనే ఇరవై మూడేళ్ళ కుర్దు యువకుణ్ణి కొట్టి చంపారు. అదే ఏడాది హమీద్ ఖజాయీ కాలిపుండు విషమించి, వేళకు వైద్యం అందక చనిపోయాడు. మాట దక్కినవాడి పుస్తకాన్ని మెచ్చుకుంటూ మాట దక్కనివాణ్ణి మరచిపోతే ఆ మెప్పుకు అర్థం లేదు.

కళ దానంతటదే తలుపులు తెరవదు కూడా. 2019 జనవరి 31న బూచానీ పుస్తకానికి ఆస్ట్రేలియాలో విక్టోరియన్ సాహిత్య బహుమతి వచ్చింది, లక్ష డాలర్లు. ఆ పోటీకి ఆస్ట్రేలియా పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలన్న నియమాన్ని అతని కోసం సడలించారు. బహుమతి ఇచ్చిన దేశంలోకి గ్రహీతకు అప్పటికి ప్రవేశం లేదు. ఆ రోజు అతను మానుస్‌లోనే ఉన్నాడు. నవంబరులో సాహిత్యోత్సవానికని న్యూజిలాండ్ వెళ్ళాడు. 2020 జూలైలో ఆ దేశం అతన్ని శరణార్థిగా గుర్తించింది. తలుపులు తెరిచింది ప్రధానంగా చట్టం, ఉమ్మడి పోరాటం. మానుస్ నిర్బంధం తమ రాజ్యాంగానికి విరుద్ధమని పాపువా న్యూగినీ సుప్రీంకోర్టు 2016 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. 2017లో ఆస్ట్రేలియా ప్రభుత్వం, దాని కాంట్రాక్టర్లు 1,905 మందికి 7 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 31న కేంద్రాన్ని మూసేసి, నీళ్ళు, కరెంటు, తిండి ఆపేసినప్పుడు, వందలమంది కదలకుండా 23 రోజులు అక్కడే ఉన్నారు. బావులు తవ్వుకున్నారు, వాన నీళ్ళు పట్టుకున్నారు. వేరే చెరకు కాదు, స్వేచ్ఛకు వెళ్తామన్నారు. చివరికి పోలీసులు బలవంతాన బయటికి ఈడ్చారు.

మరి రాత ఏం చేసింది? సాక్ష్యం నిలబెట్టింది. నిర్బంధ కేంద్రాల్లో తాము చూసింది బయటపెట్టిన ఉద్యోగులకు రెండేళ్ళ దాకా జైలుశిక్ష వేయవచ్చని ఆస్ట్రేలియా 2015లో చట్టం చేసింది. వైద్యుల ఒత్తిడితో మరుసటి ఏడాది వాళ్ళకు మినహాయింపు ఇచ్చింది. పడవల్లో వచ్చినవాళ్ళను దీవులకు పంపే ఈ విధానం సముద్రంలో ప్రాణాలు కాపాడటానికే అని ప్రభుత్వం వాదించింది. ఆ వాదాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ పడవల ప్రయాణాల్లో వెయ్యిమందికి పైగా మునిగిపోయారు. కానీ ప్రాణాలు కాపాడే పనికి ఇంత గోప్యత ఎందుకు? కెమెరాను, విలేకరిని, వైద్యుడి నోటిని ఎందుకు ఆపాలి? ఆ ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టింది ఒక ఫోను, ఒక టూత్‌బ్రష్, కొన్ని వేల గొంతు సందేశాలు.

మన గడప దగ్గర

ఇదంతా దూరదేశాల మాట అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అమెరికాలోని మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అని ఒకటి ఉండేది. దానికి పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. అక్కడి వలస అధికారులే వీసా మోసాలను పట్టుకోవడానికి పెట్టిన బూటకపు సంస్థ అది. 2019 జనవరి చివర నూటముప్పై మంది దాకా విద్యార్థులను అరెస్టు చేశారు. ఒకరు తప్ప అందరూ భారతీయులు, వాళ్ళలో అత్యధికులు తెలుగు పిల్లలు. ఆ తర్వాత నెలల్లో అరెస్టులు 250 దాకా చేరాయి. కొందరు తెలిసే చేరారని ప్రభుత్వం అంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి అని జాబితాలో చూసి నమ్మామని విద్యార్థులు అన్నారు. తమ ఫీజుల కోసం వాళ్ళు వేసిన దావా నడవవచ్చని 2024లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు ఆ రాత్రులు ఎలా గడిచాయో ఊహించండి.

గల్ఫ్ సంగతి ఇంకా పాతది. యజమాని పాస్‌పోర్టు పట్టుకుని జీతం ఇవ్వకపోతే పారిపోయిన కూలీని మన తెలంగాణ పల్లెల్లో ‘ఖల్లివెల్లి’ అంటారు. అతను పట్టుబడితే డిపోర్టేషన్ కేంద్రం. అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటిస్తే, పాస్‌పోర్టు లేకుండా ఇంటికి వెళ్ళనిచ్చే ఔట్‌పాస్ కోసం ఎంబసీ ముందు పడిగాపులు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఈ మాటలకు అర్థం చెప్పనక్కరలేదు.

ఈ అనుభవానికి మన సాహిత్యంలో దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు. కారణాలు ఊహించలేనివి కావు. పరువు ఒకటి, అప్పు ఒకటి, ఇంకోసారి వీసా రాదేమోనన్న భయం ఇంకొకటి. ప్రవాసం అంటే మనకు గెలిచి వచ్చినవాడి కథ. చేతులకు సంకెళ్ళతో విమానం దిగినవాడు ఊళ్ళోకి రాత్రిపూట వస్తాడు. అతన్ని తప్పు చేశావా లేదా అని అడగడానికి పదిమంది ఉంటారు. ఏం చూశావు, రాయి, మేం చదువుతాం అనేవాడు ఒక్కడూ ఉండడు. ఏంజెల్ ఐలండ్ చైనీయుల సంతతి కూడా చాలాకాలం ఆ ద్వీపం పేరెత్తలేదు. పద్యాలు అచ్చయిన తర్వాతే చాలా ఇళ్ళల్లో తాతలు నోరు విప్పారు.

మనుషులను ఇలా నిర్బంధించే దేశాల్లో మన దేశమూ ఉంది. అస్సాంలో 2019 ఆగస్టులో వెలువడిన జాతీయ పౌర పట్టికలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. విదేశీయులని ట్రైబ్యునళ్ళు తేల్చినవాళ్ళను ఏళ్ళ తరబడి జైళ్ళలోనే ఒక భాగంలో ఉంచారు. 2023లో గోల్‌పారా జిల్లా మటియాలో ప్రత్యేక కేంద్రం తెరిచారు. అస్సాంలోని బెంగాలీ మూలాల ముస్లిములు ‘మియా కవిత్వం’ పేరుతో రాసినందుకు 2019లో పదిమంది మీద కేసు పెట్టారు. మానుస్ గురించి కన్నీళ్ళు పెట్టి మటియా గురించి మౌనంగా ఉంటే ఆ కన్నీళ్ళను ఎవరూ నమ్మరు.

కాబట్టి ఈ వేదిక నుంచి నేను కోరేవి స్పష్టంగా చెబుతాను. ఈ పుస్తకాలను తెలుగులోకి తేవాలి. జాలితో కాదు, మంచి పుస్తకాన్ని ఎలా చదువుతామో అలా చదవాలి. బాగోగులు చర్చించాలి, శిల్పం గురించి వాదించుకోవాలి. రచయితగా పోరాడి గెలిచినవాణ్ణి మళ్ళీ బాధితుడిగా మార్చే హక్కు పాఠకుడికి లేదు. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి, మరెక్కడి నుంచైనా తిరిగి పంపబడిన మన మనుషుల మాటలను, వాళ్ళు కోరితే పేర్లు దాచి, సేకరించే పని మాస్టారు పెంచిన గ్రంథాలయాలే మొదలుపెట్టాలి. ఇక పౌరులుగా అడగాల్సింది ఒకటే: ఏ దేశమైనా, మన దేశమైనా, విచారణ లేకుండా మనిషిని బంధించినప్పుడు ఎన్నాళ్ళో ముందే చెప్పి తీరాలి, ఆ గడువును కోర్టు సమీక్షించాలి.

నిర్బంధంలో ఉన్నవాళ్ళు తమ వంతు కాలాన్ని పద్యంగా, పుస్తకంగా, బొమ్మగా మార్చి మనకు పంపారు. దాన్ని చదివి పక్కన పెట్టడంతో మన పని తీరదు. వాళ్ళ కాలాన్ని వాళ్ళకు తిరిగి ఇప్పించే చట్టం వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.